ఆటోనగర్ వైండింగ్ షాపులో నా స్కూటర్ హబ్ మోటారు: ఏడాది తర్వాత సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో పంపు మోటార్లు, లేత్ మోటార్లు చుట్టే షాపులకు కొదవ లేదు. ఎలక్ట్రిక్ స్కూటర్ వెనుక చక్రంలో ఉండే హబ్ మోటారును మాత్రం విప్పడానికి ఒప్పుకునేవారు తక్కువ. విప్పి, చుట్టి, మోటారుకు కరెంటును అదుపు చేసి ఇచ్చే కంట్రోలర్‌తో నడిపి చూపించి అప్పగించేవారు ఇంకా తక్కువ. నేను నాలుగు షాపులు తిరిగాక ఈ షాపు దొరికింది. పని చేయించుకుని ఏడాది దాటింది, ఆ మోటారు మీద స్కూటరు సుమారు 7,000 కిలోమీటర్లు నడిచింది. చేయించుకున్న వారంలోనే రాసి ఉంటే అది పొగడ్త అయ్యేది కానీ సమీక్ష అయ్యేది కాదు. అందుకే ఇంతకాలం ఆగాను.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్న బళ్ళన్నీ రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. నా స్కూటరు మోటారుకు ఐపీ67 రక్షణ ఉందని కొన్నప్పుడు చెప్పారు, అది అబద్ధం కాదు. అయితే ఐపీ67 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట సేపు మునిగినా లోపలికి నీరు చేరకూడదని మాత్రమే అర్థం. బురద నీటిలో వారం రోజులు నానితే ఏ సీలూ నిలవదు, ముఖ్యంగా ఇరుసు రంధ్రం గుండా తీగలు బయటికి వచ్చే చోట. బ్యాటరీ కథ వేరు, దాన్ని మార్చక తప్పలేదు, ఇక్కడ దాని గురించి రాయను. మోటారు విషయంలో సర్వీస్ సెంటరు వారు లోపల విప్పి చూసే పద్ధతి తమకు లేదని, చక్రంతో సహా మొత్తం మార్చాలని, 19,000 రూపాయలు అవుతుందని, సరుకు ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే నాకు, తీగా రేకూ అయస్కాంతమూ తప్ప మరేమీ లేని ఒక యంత్రాన్ని చూడకుండానే పారేయమనడం మింగుడు పడలేదు.

ఈ షాపు నడిపే మేస్త్రీ గారికి అరవై దగ్గర పడుతున్నాయి. "మాస్టారూ, చక్రం ఇక్కడ పెట్టి వెళ్ళమంటే వెళ్ళిపోతారా, దగ్గరుండి చూస్తారా?" అన్నది ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న. దగ్గరుండి చూస్తానన్నాను. ఈ షాపులో నాకు నచ్చిన మొదటి సంగతి ఇదే, పని చూడనివ్వడం.

హబ్ మోటారు విప్పడం పంపు మోటారు విప్పడం లాంటిది కాదు. పంపు మోటారులో మధ్యలో ఉన్న రోటరు తిరుగుతుంది, చుట్టూ ఉన్న స్టేటరు కదలదు. హబ్ మోటారులో ఇరుసుకు బిగించిన స్టేటరు లోపల ఉంటుంది, అయస్కాంతాలు అతికించిన ఉక్కు వలయం దాని చుట్టూ తిరుగుతుంది, ఆ వలయమే చక్రం. ఆ అయస్కాంతాలు స్టేటరును ఎంత బలంగా పట్టుకుంటాయంటే, పక్క మూత బోల్టులన్నీ తీసినా చేత్తో లాగితే స్టేటరు రాదు. వచ్చినట్టే వచ్చి మళ్ళీ లోపలికి లాక్కుంటుంది, ఆ మధ్యలో వేలు ఉంటే నలిగిపోతుంది. మేస్త్రీ గారు చక్రాన్ని రెండు చెక్క దిమ్మల మీద బోర్లించి, మూడు కాళ్ళ పుల్లర్ తగిలించి, మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ నాలుగు పక్కలా సందు సమంగా ఉందో లేదో చూసుకుంటూ, ఇరవై నిమిషాలు తీసుకున్నారు. స్టేటరు బయటపడగానే లోపలి నుంచి గ్లాసెడు ఎర్రటి నీరు కారింది. వరద వెళ్ళిపోయి అప్పటికి నెల రోజులు దాటింది.

స్టేటరులో తీగ కూర్చునే గాళ్ళు 51, వలయం మీద 46 అయస్కాంతాలు ఉన్నాయి. నేనే లెక్కపెట్టాను. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే ఈ మోటారు తయారీలో ఎక్కడ జాగ్రత్త కావాలో సులువుగా తెలుస్తుంది. 46 అయస్కాంతాలంటే 23 జతల ధ్రువాలు. పన్నెండు అంగుళాల చక్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 11 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ స్టేటరు రేకుల్లోని అయస్కాంత దిశ 23 సార్లు అటూ ఇటూ మారాలి, అంటే సెకనుకు దాదాపు 260 సార్లు. ఇంట్లో పంపు మోటారుకు ఆ లెక్క 50 మాత్రమే. దిశ ఎంత తరచుగా మారితే ఉక్కులోనే సుళ్ళు తిరిగే కరెంటు, అంటే సుడి ప్రవాహాలు (ఎడ్డీ కరెంట్లు) అంత పెరుగుతాయి, ఉక్కు అంతగా వేడెక్కుతుంది. అందుకే ఈ మోటార్ల స్టేటరును ఒకే ఉక్కు ముద్దతో చేయరు, సిలికాన్ కలిపిన పలుచని రేకులను పేర్చి చేస్తారు. పంపు మోటారులో సాధారణంగా వాడే రేకు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. మంచి వాహన మోటారుకు 0.35 మిల్లీమీటరు, వేగంగా తిరిగే కారు మోటారుకు అంతకన్నా పలుచని రేకు వాడతారు. ప్రతి రేకుకూ రెండు వైపులా కంటికి ఆనని బంధక పూత ఉంటుంది, ఒక రేకు నుంచి పక్క రేకులోకి ప్రవాహం దాటకుండా ఆపేది ఆ పూతే.

ఈ షాపుకూ మిగతా షాపులకూ తేడా నాకు ఇక్కడే కనబడింది. కాలిపోయిన వైండింగ్‌ను తీయడానికి చాలా చోట్ల స్టేటరును గ్యాసు మంటలో పెట్టి, తీగలను పట్టి ఉంచే వార్నిష్‌ను కాల్చేస్తారు. పని గంటలో తేలిపోతుంది, రాగి సులువుగా ఊడి వస్తుంది, కానీ రేకుల మధ్య పూత కూడా ఆ మంటలోనే పోతుంది. అలాంటి మోటారు తిరుగుతుంది, నడుస్తుంది, కొన్న వాడికి ఏమీ తెలియదు. ఎండాకాలంలో బ్యాటరీ ఛార్జి త్వరగా దిగిపోవడం, చక్రం మూత చేయి పెట్టలేనంత వేడెక్కడం తర్వాత మొదలవుతాయి. ఈ మేస్త్రీ గారు మంట పెట్టలేదు. ఒక వైపు తీగల తలలను ఉలితో కోసి, రెండో వైపు నుంచి ఒక్కో కట్టనూ పట్టకారుతో లాగారు. దానికే ఒక పూట పట్టింది. "పంపు మోటారైతే కాల్చినా నడుస్తుంది మాస్టారూ, దీన్ని కాలిస్తే బ్యాటరీ తినేస్తుంది" అన్నారు. సుడి ప్రవాహాల గురించి నేను తరగతిలో గంటసేపు చెప్పేది ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు.

తీగ కోయడానికి ముందు ఆయన పాత పుస్తకంలో గాళ్ళ మధ్య ఉండే ప్రతి పంటికి ఎన్ని చుట్లు, ఒక్కో చుట్టులో ఎన్ని పోగులు, ఏ గేజి, ఏ పన్ను ఏ దిశలో చుట్టారు, మూడు ఫేజుల తలలు ఎక్కడ కలిశాయి అన్నది బొమ్మతో సహా రాసుకున్నారు. చుట్లు తగ్గితే స్కూటరు వేగం పెరుగుతుంది కానీ ఎత్తు ఎక్కలేదు, కరెంటు ఎక్కువ లాగుతుంది. చుట్లు పెరిగితే ఎత్తు ఎక్కుతుంది కానీ వేగం పడిపోతుంది. స్కూటరుకు ఇంకాస్త వేగం రావాలని చుట్లు తగ్గించమని కొందరు కుర్రవాళ్ళు అడుగుతారట, ఆయన ఒప్పుకోరు. కంపెనీ వారు కంట్రోలరును ఏ వైండింగ్‌కు సరిపడా అమర్చారో అదే వైండింగ్ తిరిగి వేయాలన్నది ఆయన నియమం, అది సరైన నియమం. పోగుల మాటకొస్తే, ఒక్క లావు తీగకు బదులు పది పన్నెండు సన్నని తీగలను కలిపి చుట్టడం ఈ మోటార్లలో మామూలే, అవి గాడిలో ఒదిగి కూర్చుంటాయి, మూలల్లో వంగుతాయి. ఆయన వాడిన తీగ రీలు మీద 180 డిగ్రీల వేడికి ఆగే హెచ్ క్లాసు ముద్ర ఉంది, నేను చూశాను.

కొన్నేళ్ళ కిందట విద్యార్థులతో హోసూరు వైపు ఒక మోటార్ల కర్మాగారానికి వెళ్ళాను. టీవీఎస్, ఏథర్ కర్మాగారాలు హోసూరులో, ఓలా కర్మాగారం అదే కృష్ణగిరి జిల్లాలో ఉండటంతో దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల తయారీకి ఆ ప్రాంతం కేంద్రమైంది. అక్కడ చూసిన వరుసను ఈ షాపుతో పోల్చుకోకుండా ఉండలేకపోయాను. అక్కడ ప్రెస్సు కింద ఉక్కు చుట్ట నడుస్తుంటే రేకులు చకచకా తెగి, ఒకదానిలో ఒకటి కొక్కెంలా ఇరుక్కుని, దొంతరగా బయటికి వస్తాయి. గాళ్ళలో బంధక కాగితం యంత్రమే దూరుస్తుంది. సూది లాంటి గొట్టం ఒక్కో పంటి చుట్టూ తిరుగుతూ తీగను సమానమైన బిగువుతో చుడుతుంది. షాపులో ఇదే పని మేస్త్రీ గారి మేనల్లుడు చేత్తో చేశాడు, గాడిలో కాగితం దూర్చి, తీగ వేసి, వెదురు చీలికతో నొక్కి, మళ్ళీ వేసి. యంత్రం చుట్టిన దానితో పోలిస్తే గాడిలో రాగి కొంచెం తక్కువే పడుతుంది. అయినా చిన్న కంపెనీల హబ్ మోటార్లను కర్మాగారాల్లోనూ ఇప్పటికీ చేత్తో చుట్టేవారు ఉన్నారు కాబట్టి దీన్ని లోపంగా లెక్కించను. కారు మోటారును మాత్రం ఇలాంటి షాపులో చుట్టడం కుదరదు. వాటిలో చాలా వరకు గుండ్రటి తీగ ఉండదు. నలుపలకల రాగి కడ్డీలను తలపిన్నుల్లా వంచి గాళ్ళలో దించి, చివరలు మెలిపెట్టి, లేజరుతో అతుకుతారు. గాడి దాదాపు రాగితోనే నిండిపోతుంది, తక్కువ చోటులో ఎక్కువ శక్తి వస్తుంది, కానీ ఒక్క అతుకు పోయినా విప్పి బాగుచేసే దారి ఉండదు. బండి కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఇది.

వార్నిష్ దగ్గర కర్మాగారానికీ ఈ షాపుకూ నిజమైన తేడా ఉంది, మేస్త్రీ గారు దాన్ని దాచలేదు. కర్మాగారంలో స్టేటరును వేడి చేసి తిప్పుతూ రెసిన్‌ను బొట్లుబొట్లుగా పోస్తారు, లేదా గాలి తీసేసిన తొట్టిలో ముంచుతారు. అప్పుడు పోగుల మధ్య గాలి బుడగ మిగలదు, రాగి వేడి రేకులకు సులువుగా చేరుతుంది. ఇక్కడ వాక్యూమ్ తొట్టి లేదు. స్టేటరును ముందు వేడి చేసి, వార్నిష్‌లో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచి, ఓవెన్‌లో ఆరబెట్టి, ఇదంతా మరోసారి చేశారు. ఓవెన్ అంటే పాత ఇనుప బీరువా. లోపల గాజు ఊలు పరిచి, హీటరు కాయిళ్ళు, థర్మోస్టాట్ బిగించారు. తలుపు తీసినప్పుడల్లా వార్నిష్ వాసన వీధి చివరిదాకా వచ్చేది. రెండోసారి ముంచి ఆరబెట్టాక, నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే రాగికీ ఇనుముకూ మధ్య నిరోధం 100 మెగోమ్‌లు దాటింది. వార్నిష్‌లో ముంచకముందు ఎంత, తర్వాత ఎంత అన్నది బిల్లు వెనుక రాసి ఇచ్చారు.

పని ఆగిపోయింది అయస్కాంతాల దగ్గర. 46లో మూడు ఉబ్బి, మీద ఉన్న నికెల్ పూత పెచ్చులు లేచి, గోటితో గీస్తే బూడిద రంగు పొడి రాలింది. వీటిలో ఉండేది నియోడిమియం, ఇనుము, బోరాన్. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ విడివిడిగా కనిపెట్టిన ఈ మిశ్రమంతోనే ఇంత చిన్న చక్రంలో ఇంత బలం సాధ్యమైంది. కానీ దానికి తడి అంటే పడదు. పూత చిట్లితే లోపల తుప్పు పట్టి పొడి అయిపోతుంది. వేడి కూడా శత్రువే, అందుకే వాహనాల్లో వాడే రకానికి డిస్ప్రోసియం లేదా టెర్బియం అనే అరుదైన లోహాన్ని కొద్దిగా కలుపుతారు.

ఆ మూడు ముక్కలు విజయవాడలో ఎక్కడా దొరకలేదు. ఎందుకు దొరకవో అర్థం కావాలంటే అవి ఎలా తయారవుతాయో తెలియాలి. మిశ్రమాన్ని కరిగించి పలుచని పెళుసు పెచ్చులుగా పోస్తారు. హైడ్రోజన్‌లో పెట్టి పగలనిచ్చి, కొన్ని మైక్రాన్ల పొడి అయ్యేదాకా విసురుతారు. ఆ పొడి గాలి తగిలితే అంటుకుంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో అచ్చు వేసి నొక్కితే రేణువులన్నీ ఒకే దిశకు తిరుగుతాయి. వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో గట్టిపరచి, కోసి, పూత పూసి, చివరగా ఒక్క క్షణం పాటు భారీ విద్యుత్ ప్రవాహంతో అయస్కాంతంగా మారుస్తారు. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టూ ఆటోనగర్‌లో సాధ్యం కాదు. ప్రపంచంలో ఇలాంటి అయస్కాంతాలలో దాదాపు 90 శాతం చైనాలో, ముఖ్యంగా బావొటౌ, గాంజౌ, నింగ్బో ప్రాంతాల్లో తయారవుతాయి. మన దగ్గర వాడే మోటారు హోసూరులో చుట్టినా, పుణెలో చుట్టినా, లోపలి అయస్కాంతం చాలా వరకు అక్కడి నుంచి వచ్చిందే.

ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, మోనజైట్‌లో నియోడిమియం ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా మనకు అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ ఇసుకకూ అయస్కాంతానికీ మధ్య పైన చెప్పిన మెట్లన్నీ ఉన్నాయి. విశాఖపట్నంలో 2023 మే 11న జాతికి అంకితం చేసిన, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ అయస్కాంత కర్మాగారం ఒక మంచి మొదలే, అయితే అక్కడ తయారయ్యేది సమేరియం-కోబాల్ట్ రకం, ఏటా 3,000 కిలోల సామర్థ్యం. అది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, ధర ఎక్కువ, రక్షణ, అంతరిక్ష రంగాల అవసరాలకు పనికొస్తుంది, స్కూటరు చక్రానికి కాదు. నియోడిమియం రకం మీద హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ఎన్‌ఎఫ్‌టీడీసీ అనే పరిశోధనా సంస్థ పనిచేస్తోంది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది, దాని లక్ష్యం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాలు. అయస్కాంతమే లేకుండా మోటారు చేసే దారి కూడా ఉంది. ఫ్రాన్స్‌లోని క్లియోన్‌లో రెనో, జర్మనీలోని డింగోల్ఫింగ్‌లో బీఎండబ్ల్యూ రోటరు మీద కూడా రాగి చుట్టి, దానికి విడిగా కరెంటు ఇచ్చే మోటార్లు తయారు చేస్తున్నాయి. కార్లలో అది కుదిరింది, ఇరుకైన స్కూటరు చక్రంలో కుదరడం కష్టం.

మేస్త్రీ గారి దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. స్క్రాపుకు వచ్చిన మోటార్ల నుంచి ఊడదీసిన అయస్కాంతాలను మధ్యలో అట్ట ముక్కలు పెట్టి అందులో దాచుతారు. కొలతకు సరిపోయే మూడింటిని వెతికి, పక్కవాటితో ధ్రువాలు ఒకటి విడిచి ఒకటి వచ్చేలా దిక్సూచితో చూసి, ఎపాక్సీతో అతికించారు. కొత్త ముక్కల బలం పాతవాటితో కచ్చితంగా ఒకటి కాకపోవచ్చని, కొంచెం హోరు రావచ్చని ముందే చెప్పారు. వచ్చింది. 35, 40 కిలోమీటర్ల వేగం మధ్య సన్నని మోత ఇప్పటికీ ఉంది. వెనుక కూర్చున్నవారికి వినబడదు, నాకు వినబడుతుంది.

మూడు హాల్ సెన్సర్లు కూడా మార్చారు. అయస్కాంతం ఎక్కడుందో కంట్రోలరుకు చెప్పేవి అవే. ఒకటి పోయినా బండి గునుస్తూ, కుదుపుతూ, వెనక్కి తిరగబోతున్నట్టు వణుకుతుంది. రెండు బేరింగులు, సీలు కొత్తవి వేసి, ఇరుసు రంధ్రంలో తీగల చుట్టూ సిలికోన్ సీలెంటు నింపి, చక్రాన్ని స్టాండు మీద పెట్టి నా కంట్రోలరుతోనే గంటసేపు తిప్పి చూపించారు.

మొత్తం బిల్లు 6,400 రూపాయలు. పాత రాగిని తూకం వేసి దాని విలువను అందులో తగ్గించారు, నేను అడగకుండానే. ఫిర్యాదులు రెండు. ఐదు రోజులన్న పని పదకొండు రోజులు పట్టింది, ఆ ఆలస్యాన్ని నేను ఫోన్ చేసి కనుక్కోవలసి వచ్చింది కానీ వారు చెప్పలేదు. రెండోది, ఆరు నెలల హామీని బిల్లు వెనుక చేతిరాతతోనే ఇస్తారు, అచ్చు వేసిన షరతులేవీ ఉండవు. నా విషయంలో మాట తప్పలేదు. నాలుగో నెలలో సీలు దగ్గర చిన్న చప్పుడు వస్తే డబ్బు తీసుకోకుండా సరిచేశారు. ఒక్క ఛార్జింగ్‌కు వరదకు ముందు ఎంత దూరం వచ్చేదో ఇప్పుడూ రెండు మూడు కిలోమీటర్ల తేడాలో అంతే వస్తోంది, బ్యాటరీ కొత్తదన్న సంగతి కలుపుకుని చూడాలి. మే నెల ఎండలో బందరు రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు నడిపి దిగి మూత మీద చేయి పెడితే చేయి ఆగింది.

2025 జూన్‌లో ఒక సహోద్యోగి మోటారు కోసం మళ్ళీ వెళ్ళాను. ఏప్రిల్ 4న చైనా డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు అరుదైన (రేర్ ఎర్త్) మూలకాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేశాక, స్క్రాపు వ్యాపారులు అయస్కాంతాలున్న పాత రోటర్ల కోసం ఎక్కువ ధర పెట్టి అడుగుతున్నారని, తాను అమ్మడం మానేశానని మేస్త్రీ గారు చెప్పారు. ఒక్క రేకు డబ్బా ఉన్నచోట అప్పటికి మూడు ఉన్నాయి.

వెళ్ళదలచినవారు చక్రంతో పాటు కంట్రోలరును, థ్రాటిల్‌ను కూడా విప్పించి తీసుకువెళ్ళండి, అవి లేకుండా ఆయన మోటారు అప్పగించరు. వారంటీ ఉన్న బండి తీసుకువెళ్ళకండి, వారే వద్దంటారు. వార్నిష్ ఓవెన్ సాయంత్రం నాలుగుకు మూసేస్తారు కాబట్టి ఉదయమే వెళితే ఆ రోజే విప్పి లోపల ఏముందో చూపిస్తారు. చూసినందుకు 300 రూపాయలు, పని చేయిస్తే అది బిల్లులో కలుస్తుంది.